చేయి అందని గూడు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కొండల మీద, సుమారు ఏడు వేల అడుగుల ఎత్తున, బిగ్ బేర్ అనే సరస్సు ఉంది. ఆ సరస్సుకు సమీపంలోని అడవిలో ఒక జెఫ్రీ పైన్ చెట్టు మీద, నేలకు 145 అడుగుల ఎత్తున, ఒక గద్దల గూడు ఉంది. ఆ గూటికి కొద్ది అడుగుల దూరంలో, ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ అనే స్థానిక సంస్థ వారు 2015లో ఒక కెమెరా అమర్చారు. అది రాత్రింబవళ్ళు చూపే దృశ్యాన్ని ప్రపంచంలో ఎక్కడి నుంచైనా, ఏ రుసుమూ లేకుండా, ఫోనులో చూడవచ్చు. నేను కొన్నేళ్ళుగా చూస్తున్నాను. అక్కడి చలికాలపు రాత్రి పది గంటలంటే మనకు మరునాటి పగలు పదకొండున్నర. అందువల్ల నేను ఎక్కువగా చూసినది ఆ గూటి రాత్రులనే. గద్ద కంటికి కనిపించని పరారుణ కాంతిలో కెమెరా పని చేస్తుంది కాబట్టి, ఆ పక్షికి అది చిమ్మచీకటి, మనకు మాత్రం ఒక్కొక్క ఈక కూడా తెలిసే బూడిదరంగు వెలుగు.

ఈ పక్షిని మన పత్రికలు తరచుగా ‘బట్టతల గద్ద’ అని రాస్తాయి. ఆ మాట నాకు సరైనదిగా తోచదు. దాని తల బోడిది కాదు, దట్టమైన తెల్లని ఈకలతో నిండినది. ఇంగ్లీషులో దీని పేరు ‘బాల్డ్ ఈగిల్’. ఆ ‘బాల్డ్’ అనే మాటకు పూర్వం తెల్లని మచ్చ కలిగినదనే అర్థం ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉన్న పశువును మన రైతులు బొల్లి ఆవు అన్నట్టే అదీ. తెల్లతల గద్ద అంటే సరిపోతుంది. పుట్టిన అయిదేళ్ళకు గాని ఆ తెలుపు పూర్తిగా రాదు. మన కోస్తా తీరంలో చేపలను వేటాడే తెల్లపొట్ట సముద్రపు గద్ద దీనికి దగ్గరి చుట్టమే కనుక, ఇది మనకు పూర్తిగా పరాయి పక్షి కాదు.

ఆ గూటిలోని ఆడగద్దను జాకీ అనీ, 2018లో వచ్చి జతకూడిన మగగద్దను షాడో అనీ పిలుస్తారు. ఆడది మగదానికన్నా పెద్దది. గుడ్లను ఇద్దరూ వంతులవారీగా పొదుగుతారు. మనిషి చేతి చర్మాన్ని సులువుగా చీల్చగల గోళ్ళు కలిగిన ఆ పక్షి, గుడ్ల దగ్గరికి వచ్చేటప్పుడు వేళ్ళను పిడికిలిలా ముడుచుకొని, తప్పటడుగులు వేసే పసివాడిలా ఒక్కొక్క అడుగూ వేస్తూ వస్తుంది. కొద్దిసేపటికొకసారి లేచి, ముక్కుతో గుడ్లను మెల్లగా దొర్లించి, మళ్ళీ అటూ ఇటూ కదులుతూ సర్దుకొని కూర్చుంటుంది. 2024 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు జాకీ రెండు రోజులకు పైగా గుడ్ల మీద నుంచి కదలలేదు. వీపు మీద మంచు పేరుకుపోయి, తెల్లని తలకూ తెల్లని మంచుకూ తేడా తెలియకుండా పోయింది. మా అమ్మ నా ఫోనులో అది చూసి, “ఆ తల్లి మీద ఇంత గుడ్డ కప్పేవాళ్ళే లేరటరా?” అని అడిగింది. ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్న గురించే అనుకోండి.

గుడ్ల మీద గద్ద కూర్చుని ఉండటమనే ఈ సామాన్యమైన దృశ్యం ఒకప్పుడు అమెరికా నుంచి దాదాపు మాయమైంది. చార్లెస్ బ్రోలీ అనే విశ్రాంత బ్యాంకు మేనేజరు 1939 నుంచి ఫ్లోరిడాలో చెట్లెక్కి, వెయ్యికి పైగా గద్దపిల్లల కాళ్ళకు గుర్తింపు పట్టీలు వేశారు. 1940ల చివరి నుంచి గూళ్ళలో పిల్లలు కరువవుతున్నాయని మొదట గమనించినవారిలో ఆయన ఒకరు. మన ఊళ్ళలో దోమల కోసం ఇంటింటి గోడలకూ చల్లిన డీడీటీ అనే పురుగుమందే అక్కడ అందుకు ముఖ్య కారణమని తరువాత రుజువైంది. అది నీటిలో చేరి, చేపల కొవ్వులో పోగుపడి, చేపలను తిన్న గద్ద శరీరంలోకి చేరుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం సరిగా చేరనివ్వదు. పెంకు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే గుడ్డు చితికిపోతుంది. అంతకన్నా దారుణమైన విధ్వంసాన్ని నేను ఊహించలేను. 1963 నాటికి అలాస్కా, హవాయి కాకుండా తక్కిన అమెరికాలో మిగిలినవి 417 జంటలే. 1972లో డీడీటీని నిషేధించారు. 2007లో ఈ గద్దను ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తొలగించారు. 2021లో వెలువడిన ప్రభుత్వ లెక్క ప్రకారం అదే ప్రాంతంలో గూడు కట్టే జంటలు 71 వేలకు పైగా ఉన్నాయి. బిగ్ బేర్ లోయలో గద్దపిల్ల పుట్టినట్టు తొలిసారి నమోదైనది 2012లో. ఆ పిల్లే ఈ జాకీ అని అక్కడివారి నమ్మకం.

ఇక మా అమ్మ ప్రశ్నకు వస్తాను. 2023లో పెట్టిన రెండు గుడ్లూ, 2024లో పెట్టిన మూడు గుడ్లూ పిల్లలు కాలేదు. 2025లో జనవరి 22, 25, 28 తేదీలలో మళ్ళీ మూడు గుడ్లు వచ్చాయి. మార్చి 3న ఒకటి, 4న ఒకటి, 8న మరొకటి, మూడూ పిల్లలయ్యాయి. మార్చి 13 రాత్రి తుపాను విరుచుకుపడింది. పెద్ద పిల్లలకు అప్పటికి పది పదకొండు రోజులు, చిన్నదానికి అయిదారు రోజులు. ఒంటి మీద నూగు తప్ప ఈకలు లేవు, తమంతట తాము వెచ్చగా ఉండగల శక్తి ఇంకా రాలేదు. వేల మంది నిద్ర మాని చూస్తున్నారు. తెల్లవారేసరికి గూటిలో రెండు పిల్లలే కదులుతున్నాయి.

ఎవరైనా వెళ్ళి ఎందుకు కాపాడలేదని ఎంతోమంది అడిగారు. 1940 నాటి చట్టం ఈ గద్ద గూటి జోలికి పోవడాన్ని నేరంగా పరిగణిస్తుంది. గూడు కట్టే కాలంలో అటవీశాఖ ఆ చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వదు. కెమెరా మరమ్మతులకు కూడా పక్షులు గూడు విడిచి వెళ్ళేదాకా ఆగవలసిందే. చట్టాన్ని పక్కన పెట్టినా, ఆ గాలిలో, ఆ చీకటిలో మనిషి చెట్టెక్కితే మొదట జరిగేది తల్లి బెదిరి లేచిపోవడం. అప్పుడు పోయేది ఒక పిల్ల కాదు, మూడూ. మిన్నెసోటా రాష్ట్రంలోని మరో గద్దల గూటిలో 2014లో ఒక పిల్ల కదలలేని స్థితిలో కెమెరాకు కనిపించినప్పుడు, ప్రజల ఒత్తిడి మీద అధికారులు దానిని గూటి నుంచి దింపారు. రెక్క ఎముక విరిగి, ఇన్ఫెక్షన్ సోకి ఉండటంతో, బాధ లేకుండా చంపడం మినహా వైద్యులు చేయగలిగింది లేకపోయింది. ఆ రాష్ట్రం కెమెరాలోనే 2023 ఏప్రిల్ 2న మరో సంఘటన అందరూ చూశారు. ఇరవై ఏళ్ళకు పైగా ఏటేటా పుల్లలు చేర్చగా చేర్చగా సుమారు 900 కిలోల బరువెక్కిన గూడు, దాని మీద పడిన మంచు బరువు కూడా తోడై, కొమ్మ విరిగి నేలకూలింది. అందులోని పిల్ల చనిపోయింది. కొద్ది రోజులకే ఆ జంట దగ్గరలోనే మళ్ళీ పుల్లలు మోస్తూ కనిపించింది.

దుఃఖపడటం తప్పని నేను అనను. ఆ మార్చి ఉదయం నేనూ దుఃఖపడ్డాను. కాని దగ్గరగా చూడగలగడం వేరు, దగ్గరికి వెళ్ళే హక్కు వేరు. కెమెరా మనకు మొదటిదే ఇచ్చింది. గద్దకు మనం చేయగలిగిన మేలు ఆ చెట్టు దగ్గర లేదు. చెరువులో కలిసే మందు దగ్గర, చేపలో చేరే విషం దగ్గర, వేటగాడు వదిలేసిన కళేబరంలో మిగిలిన సీసపు తూటా ముక్కల దగ్గర ఉంది. 1972లో చేసినది అలాంటి మేలే. ఆ సాయం చేసినవారిలో ఎవరూ ఏ గూటి మీదా గుడ్డ కప్పలేదు, అయినా జాకీ కూర్చున్న గుడ్ల పెంకులు గట్టిగా ఉండటం వారి చలవే.

మిగిలిన ఆ రెండు పిల్లలకు అక్కడి మూడో తరగతి పిల్లలు సన్నీ, గిజ్మో అని పేర్లు పెట్టారు. చేపల మీదా, నీటికోళ్ళ మీదా పెరిగి, గూటి అంచున నిలబడి గాలికి రెక్కలు చాపి ఎగిరెగిరి చూసుకొని, జూన్ 2న సన్నీ, కొద్ది రోజులకు గిజ్మో చెట్టు వదిలాయి. వాటి కాళ్ళకు పట్టీలు వేయలేదు. కెమెరా కంటికి ఆనినంత మేరే వాటి కథ మనది.

ఆ తరువాత గూడు ఖాళీగా ఉంటుంది. మైకులో గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు, చూసేవారూ తగ్గిపోతారు. నాకు మాత్రం ఆ నెలలూ ఇష్టమే. చలి మొదలయ్యే వేళకు షాడో ఒక పొడవాటి పుల్ల మోసుకొస్తాడు. అది ఎక్కడ పెట్టాలో జాకీకి వేరే అభిప్రాయం ఉంటుంది. ఇద్దరూ ముక్కులతో చెరో కొస పట్టుకొని, ఒకరు ఇటు, ఒకరు అటు, చాలాసేపు లాగుతూ ఉంటారు.