సిక్స్త్ ఫారం అంటే ఇంటర్ కాదండీ: ఇంగ్లండ్‌లో ఉన్న తెలుగు అమ్మానాన్నల కోసం

"మా వాడికి వారం మొత్తం మీద 15 గంటలే క్లాసులట అండీ. బుధవారం పదకొండింటికే ఇంటికొచ్చేస్తున్నాడు. ఇదేం కాలేజీ?"

సెప్టెంబరు వచ్చిందంటే నాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. ఒకరు క్రాయిడన్ నుంచి, ఒకరు రీడింగ్ నుంచి, ఊళ్లు మారతాయి గానీ ప్రశ్న మారదు. ఆ వెనకాలే రెండో మాట: "మన దగ్గర ఇంటర్ పిల్లలు పొద్దున ఆరింటికి కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తారు కదండీ!" ఈ పోలికే నన్ను చాలా బాధపెడుతోంది. దీనివల్ల మంచి పిల్లలు, మంచి అమ్మానాన్నలు అక్టోబరు నెలంతా ఒకే ఇంట్లో ముభావంగా తిరుగుతున్నారు. అందుకే ఈ వీడియో.

జీసీఎస్‌ఈలు, అంటే 16 ఏళ్లకు రాసే పబ్లిక్ పరీక్షలు, వాటిలో 9 నుంచి 1 దాకా గ్రేడ్లు (9 అన్నిటికన్నా పైది), ఆగస్టులో గురువారం రిజల్ట్స్, ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పేది ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో పద్ధతి వేరు.

ముందు ఆ పేరు గురించి ఒక్క నిమిషం, నాకు చాలా ఇష్టమైన విషయం. మీ తాతగారో, ముత్తాతగారో "నేను ఫోర్త్ ఫారంతో చదువు ఆపేశాను" అనడం విన్నారా? మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఆరో తరగతిని ఫస్ట్ ఫారం అనేవారు, సిక్స్త్ ఫారం అంటే ఎస్సెస్సెల్సీ. ఆ లెక్క ఇక్కణ్ణుంచి వెళ్లిందే. ఇక్కడ 11 ఏళ్లకు ఫస్ట్ ఫారం, 16 నిండాక సిక్స్త్ ఫారం. అందులో రెండేళ్లు: లోయర్ సిక్స్త్ (ఇయర్ 12), అప్పర్ సిక్స్త్ (ఇయర్ 13). కింది తరగతుల పేర్లు ఇయర్ 7, ఇయర్ 8 అని మారిపోయాయి. పైనున్న రెండేళ్లకు మాత్రం పాత పేరు అలాగే ఉండిపోయింది.

కొన్ని స్కూళ్లకు సొంత సిక్స్త్ ఫారం ఉంటుంది. పిల్లలు ఆ గేటులోంచే వెళ్తారు, చాలావరకు ఆ టీచర్లే ఉంటారు. సిక్స్త్ ఫారం కాలేజీ అలా కాదు. అక్కడ 11 ఏళ్ల చిన్నపిల్లలు ఉండరు, అందరూ 16 దాటినవాళ్లే. వించెస్టర్‌లోని పీటర్ సైమండ్స్, కేంబ్రిడ్జ్‌లోని హిల్స్ రోడ్ ఒకప్పుడు మగపిల్లల గ్రామర్ స్కూళ్లు, అంటే పరీక్ష పెట్టి చేర్చుకునే స్కూళ్లు. 1974లో రెండూ సిక్స్త్ ఫారం కాలేజీలయ్యాయి. ఇలాంటి చోట యూనిఫాం ఉండదు, చాలామంది లెక్చరర్లను పేరు పెట్టి పిలుస్తారు, కొన్ని కాలేజీల్లో వేలమంది పిల్లలు ఉంటారు. పాత స్కూల్లో మీ అమ్మాయిని పేరుతో గుర్తుపట్టి పలకరించిన రిసెప్షన్ ఆవిడ ఇక్కడ ఉండదు.

ఇక అసలు విషయం. మాది తణుకు దగ్గర పల్లె. మా వైపు ఊడ్పులంటాం, తెలంగాణలో నాట్లంటారు. ఆకుమడిలో నారు ఎంత ముద్దుగా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఒత్తుగా, పచ్చగా, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటుంది. దాన్ని పీకి, కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలో నాటుతారు. మర్నాడు ఆ చేను చూస్తే గుండె జారిపోతుంది. మొక్కలు పాలిపోయి, తలలు వాల్చేసి, ఇక బతకవేమో అన్నట్టు ఉంటాయి. ఓ వారం, పది రోజులు అంతే. తర్వాత కొత్త వేరు పట్టి పచ్చబడతాయి. దాన్నే మూన తిరగడం అంటారు.

మీ పిల్లలకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగేది సరిగ్గా అదే. ఇయర్ 11, అంటే ఆ 16 ఏళ్ల పరీక్షలు రాసే ఏడాది, ఆకుమడి. ఇయర్ 12 చేను.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మాయికి జీసీఎస్‌ఈ కెమిస్ట్రీలో 8 వచ్చింది. అక్టోబరులో ఒక రోజు వంటింట్లో టేబుల్ మీద దాని టెస్ట్ పేపర్ కనిపించింది. పైన కుడి మూల చిన్నగా లోపలికి మడిచి ఉంది. విప్పి చూస్తే ఎర్ర ఇంకుతో డి గ్రేడ్ అని ఉంది (ఇక్కడ గ్రేడ్లు అంకెల్లో కాదు, అక్షరాల్లో). నేను వెంటనే, "8 తెచ్చుకున్నదానివి, నెల రోజుల్లో ఏమైందే నీకు?" అన్నాను. అది నా వైపు చూడకుండానే, "అమ్మా, అక్కడ ఏం రాయాలో చెప్పేవాళ్లు. ఇక్కడ ఎందుకో చెప్పమంటున్నారు" అంది.

దాని మాటలో ఎంత నిజముందో నాకు తర్వాత తెలిసింది. జీసీఎస్‌ఈలో ఎలక్ట్రాన్లు 2, 8, 8 అని వరసగా పెట్టేస్తే మార్కులు పడతాయి. ఏ లెవెల్, అంటే సిక్స్త్ ఫారంలో రెండేళ్లు చదివే కోర్సు, మొదలైన కొద్ది వారాల్లోనే ఆ వరసను విడగొట్టి ఎస్, పి, డి అంటూ కొత్త లెక్క చెప్తారు. నిన్నటిదాకా సరైన జవాబు అనుకున్నది ఇవాళ సగం జవాబు అవుతుంది. 8, 9 తెచ్చుకున్న పిల్లలకు ఇది ఇంకా పెద్ద దెబ్బ. వాళ్లకు రాకపోవడం అనేది అలవాటు లేదు కదా.

అప్పుడు నేను చేసిన తప్పేమిటంటే, ఆ రాత్రే ట్యూషన్ వెతకడం మొదలుపెట్టాను. ఇప్పుడు మళ్లీ చేనుకు వద్దాం. వేరు పట్టిందో లేదో చూద్దామని రోజూ మొక్కను పీకి చూసే రైతు ఎక్కడైనా ఉన్నాడా? ఇంకో సంగతి, వరిని పైపైన నాటాలి. గట్టిగా నిలబడుతుందని లోతుగా దింపితే పిలకలు సరిగ్గా పెట్టదు. మొదటి నెలలోనే మూడు సబ్జెక్టులకు మూడు ట్యూషన్లు పెట్టడం లోతుగా దింపడమే. పిల్లవాడు నిలబడ్డట్టు కనిపిస్తాడు, సొంతంగా చదవడం మాత్రం నేర్చుకోడు. అయినా ట్యూషన్ వద్దే వద్దని నేను అనను. అక్టోబరు చివర్లో హాఫ్ టర్మ్ సెలవులు వస్తాయి, అప్పటిదాకా ఆగండి. ఆ తర్వాత కూడా మొక్క పాలిపోయే ఉంటే అప్పుడు చూడండి. మా అమ్మాయి నవంబరు టెస్టులో బి తెచ్చుకుంది, ట్యూషన్ లేకుండానే.

ఇప్పుడు ఆ 15 గంటల లెక్క.

[స్క్రీన్ మీద టైమ్‌టేబుల్]

ఇది మా ఫ్రిజ్ మీద అతికించి ఉన్న కాగితం. బుధవారం చూడండి. 9 నుంచి 10:40 దాకా కెమిస్ట్రీ. తర్వాత రెండు తెల్ల గళ్లు. మళ్లీ 2:15కి మాథ్స్. ఏ లెవెల్స్ మామూలుగా మూడు తీసుకుంటారు, ఫర్దర్ మాథ్స్ లాంటివి చేసేవాళ్లు నాలుగు. ఒక్కో సబ్జెక్టుకు వారానికి 4, 5 గంటలు క్లాసు ఉంటుంది. కలిపితే 15 దగ్గర వస్తుంది. తెల్లగా ఉన్న ఆ గళ్లు సెలవు కాదండీ. వాటిని స్టడీ పీరియడ్ అంటారు. క్లాసులో ఎన్ని గంటలు గడిపితే సుమారు అన్నే గంటలు సొంతంగా చదవాలని కాలేజీలు చెప్తాయి. మన నాట్లలో మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు దూరం వదులుతారు చూడండి, పిలకలు పెట్టేది ఆ జాగాలోనే. ఖాళీగా కనిపిస్తోందని అందులోనూ నాటేస్తే చేను దెబ్బతింటుంది.

మరి మనం ఏం చేయాలి? గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండమని కాదు. మూన తిరిగేదాకా మడిలో పలచగా నీరు ఉంచుతారు, ఎండనివ్వరు, మునగనివ్వరు. ఇంట్లో పలచగా నీరు అంటే ఏమిటో చెప్తాను. నిద్ర, తిండి, కాలేజీకి క్రమం తప్పకుండా వెళ్లడం, ఈ మూడూ మీరు చూసుకోండి. హాజరు పడిపోతే కాలేజీ ఊరుకోదు. పేరెంట్స్ ఈవినింగ్‌కి తప్పకుండా వెళ్లండి. పిల్లల్ని "ఎన్ని మార్కులు?" అని అడిగేబదులు "బుధవారం ఆ ఖాళీలో ఎక్కడ కూర్చున్నావు?" అని అడిగి చూడండి. లైబ్రరీలోనా, క్యాంటీన్‌లోనా, ఎవరితో? ఆ ఒక్క ప్రశ్నతో నాకు మా అమ్మాయి కొత్త స్నేహితుల పేర్లు తెలిశాయి, కెమిస్ట్రీ సపోర్ట్ సెషన్‌కి వెళ్లడానికి సిగ్గుపడుతోందని కూడా తెలిసింది. నెల రోజులు మార్కుల గురించి అడిగినా తెలియనిది అది.

ఇంకొకటి, సబ్జెక్టులు. ఇక్కడ ఎంపీసీ, బైపీసీ అని కట్టలు లేవు. మాథ్స్, హిస్టరీ, బయాలజీ కలిపి తీసుకోవచ్చు. కానీ తర్వాత యూనివర్సిటీలో ఏం చదవాలనుకుంటున్నారో దాన్ని బట్టి కొన్ని తప్పనిసరి అవుతాయి. మెడిసిన్‌కి చాలా చోట్ల కెమిస్ట్రీ కావాలి, తోడుగా బయాలజీ. ఇంజనీరింగ్‌కి మాథ్స్, ఎక్కువ చోట్ల ఫిజిక్స్. పేరున్న చోట్ల ఎకనామిక్స్‌కి కూడా మాథ్స్ అడుగుతారు, ఇది తెలియక వదిలేసుకున్న పిల్లల్ని చూశాను. సబ్జెక్టు నప్పకపోతే మార్చుకోవడానికి మొదటి కొన్ని వారాలే అవకాశం. నాట్లయ్యాక చనిపోయిన చోట ఖాళీలు నింపేది కూడా ఆ మొదటి పది రోజుల్లోనే కదా. నవంబరులో అడిగితే సీటు ఉండకపోవచ్చు, వెనకబడిన పాఠాలు మాత్రం తప్పకుండా ఉంటాయి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఇంగ్లండ్‌లో 18 ఏళ్లు నిండేదాకా చదువో, శిక్షణో ఏదో ఒకటి తప్పనిసరి. అది ఏ లెవెల్సే కానక్కర్లేదు. బీటెక్‌లు ఉన్నాయి, మన బీటెక్ కాదండీ, ఇక్కడి బీటెక్ వేరు, ఒకేషనల్ కోర్సు. 2020 నుంచి టీ లెవెల్స్ అనే సాంకేతిక కోర్సులు వచ్చాయి. ఒక టీ లెవెల్ మూడు ఏ లెవెల్స్‌తో సమానం, అందులో కనీసం 315 గంటలు ఒక సంస్థలో పని నేర్చుకోవాలి. అప్రెంటిస్‌షిప్ ఉంది. "ఏ లెవెల్స్ కాకపోతే పరువు పోతుంది" అనే మాట దయచేసి పిల్లల ముందు అనకండి.

జీసీఎస్‌ఈ ఇంగ్లిష్‌లో గానీ మాథ్స్‌లో గానీ 4 రాకపోతే కాలేజీలో దాన్ని కొనసాగించాలి.

ఏ లెవెల్ అసలు పరీక్షలు రెండేళ్ల చివర ఒకేసారి ఉంటాయి. అయినా ఇయర్ 12 తేలిక అనుకోవద్దు. యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు కాలేజీ అంచనా వేసి ఇచ్చే ప్రెడిక్టెడ్ గ్రేడ్లు పంపుతారు, అవి ఎక్కువగా ఇయర్ 12లో చేసిన పనిని బట్టే ఉంటాయి. మెడిసిన్, డెంటల్, వెటర్నరీ, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వాటికి యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) గడువు అక్టోబరు 15, అంటే ఇయర్ 13 మొదలైన ఆరు వారాలకే. మిగతా చాలా కోర్సులకు జనవరి. డాక్టరు అవుతానంటే యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఇయర్ 12కీ 13కీ మధ్య వేసవిలోనే పెట్టుకోండి. ఇండియా టికెట్లు బుక్ చేసేముందు ఆ తేదీ చూసుకోండి.

వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. యూనివర్సిటీలో హోమ్ ఫీజా (ఇక్కడివాళ్లకుండే తక్కువ ఫీజు), ఇంటర్నేషనల్ ఫీజా అనేది పిల్లల మార్కులను బట్టి తేలదు. మీ వీసాను, ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. రెండింటికీ తేడా చాలా పెద్దది. ఇయర్ 12లోనే కనుక్కోండి.

మీకు చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు) వస్తుంటే, పిల్లలకు 16 నిండాక వచ్చే ఆగస్టు 31లోగా చదువు కొనసాగుతోందని పన్నుల శాఖ అయిన హెచ్‌ఎంఆర్‌సీకి చెప్పాలి. చెప్పకపోతే ఆగిపోతుంది. బస్సు ఖర్చు, పుస్తకాల ఖర్చు భారమైతే కాలేజీలో బర్సరీ, అంటే వాళ్లిచ్చే ఆర్థిక సాయం, గురించి అడగండి, అందులో నామోషీ లేదు.

చివరగా ఎన్‌రోల్‌మెంట్. రిజల్ట్స్ వచ్చిన వెంటనే, చాలా చోట్ల అదే వారంలో ఉంటుంది. రిజల్ట్స్ కాగితం, పాస్‌పోర్టు తీసి పెట్టుకోండి. వీసా మీద ఉన్నవాళ్లయితే షేర్ కోడ్ (మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే కోడ్) అడిగే అవకాశం ఉంది, ముందే సిద్ధం చేసుకోండి. అనుకున్న గ్రేడ్ ఒకటి తగ్గినా ఇంట్లో కూర్చుని ఏడవొద్దు, కాలేజీకి వెళ్లి మాట్లాడమనండి. వేరే సబ్జెక్టుతోనో, వేరే కోర్సుతోనో దారి దొరకడం నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు మీ అబ్బాయి "నేనొక్కణ్ణే వెళ్తాను నాన్నా" అంటే, వెళ్లనివ్వండి. ఫోన్‌లో ఛార్జింగ్ ఉందో లేదో మాత్రం చూసి పంపండి.