‘ఊ’ కొట్టడం

సభకు నమస్కారం. పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, వెనక వరుసలో కూర్చున్న తాతయ్యలకు, నాయనమ్మలకు, అమ్మమ్మలకు మరోసారి నమస్కారం.

మన ఇళ్లలో కథకు ఒక నియమం ఉంది. చెప్పేవారు చెబుతుంటే వినేవారు ‘ఊ’ కొట్టాలి. ఊ ఆగిందంటే పిల్ల నిద్రపోయిందని అమ్మమ్మకు తెలిసిపోయేది, కథ కూడా అక్కడే ఆగేది. ఇప్పుడు కథలు చెప్పేది పిల్లలు, ఊ కొట్టేది మనం. కళ్లు తెరుచుకునే నిద్రలో కొడుతున్నాం.

నా సంగతే చెబుతాను. నేను బడిపంతులును. మా అమ్మాయి రెండో తరగతి చదువుతున్నప్పుడు, ఒక సాయంత్రం నేను త్రైమాసిక పరీక్షల పేపర్లు దిద్దుతుంటే పక్కన చేరి బడి కబుర్లు మొదలుపెట్టింది. నేను ఊ, ఊ అంటున్నాను. చేతిలో ఎర్ర పెన్ను ఆగడం లేదు. కాసేపటికి అది, “అప్పుడు మా టీచరు ఏనుగైపోయింది నాన్నా” అంది. నేను “ఊ” అన్నాను.

అది ఏడవలేదు, అలగలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ మా అమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. మనవరాలు అదే మాట అంది. మా అమ్మ చేతులు ఆగలేదు గానీ తల పైకెత్తి, “ఏనుగా! మరి తరగతి గదిలో ఎలా పట్టిందే?” అంది. ఆ తర్వాత గంటసేపు వంటింట్లో నవ్వులే. నాకు ఆ ప్రశ్న వినబడిన తర్వాతే, నన్ను పరీక్షించారనీ నేను తప్పాననీ తెలిసింది. దిద్దిన పేపర్లను మళ్లీ మొదటి నుంచి చూసుకోవలసి వచ్చింది, అది వేరే కథ.

చింతపండు చెవినీ ముఖాన్నీ వదిలేస్తుంది. పేపర్లు వదలవు, ఫోను అసలే వదలదు. పనులన్నీ మానేసి పిల్లల ముందు కూర్చోమని నేను అనడం లేదు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే తల్లికి ఆ మాట చెప్పడం అన్యాయం. ఆ తల్లికి మాత్రమే చెప్పి తండ్రిని వదిలేయడం ఇంకా అన్యాయం.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో ఒక ప్రయోగం చేశారు. తల్లి, ఎదురుగా నెలల పాప. మొదట ఇద్దరూ మామూలుగా ఆడుకుంటారు. తర్వాత రెండు మూడు నిమిషాలు తల్లి ముఖంలో ఏ కదలికా లేకుండా పాపను ఊరికే చూస్తుంది. పాప నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుస్తుంది. ఆ తల్లి ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది. నన్ను కలవరపెట్టింది అదే. ఫోను చూస్తున్నప్పటి మన ముఖాన్ని మనం ఎప్పుడూ చూసుకోలేదు. ఇంట్లో దాన్ని రోజూ చూసేది పిల్లలే.

మరి కొందరు శ్రద్ధగానే అడుగుతారు: “ఎన్ని మార్కులు? ఎవరికి ఫస్టు?” దాన్ని విచారణ అంటారు, వినడం అనరు.

పెద్దవారికి రేడియో అన్నయ్య, అక్కయ్య గుర్తుండే ఉంటారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం నడుపుతూ పిల్లల చేతనే పాడించారు, మాట్లాడించారు. పిల్లలు మాట్లాడుతుంటే పెద్దలు రేడియో చుట్టూ చేరి విన్నారు. వారిని ఎవరూ సారు, మేడమ్ అనలేదు, అన్నయ్య, అక్కయ్య అనే పిలిచారు. ఆ వరస ఊరికే వచ్చిందని నేను అనుకోను.

మా అమ్మాయి ఇప్పుడు పెద్ద ఉద్యోగస్తురాలు. రాత్రిళ్లు ఫోను చేస్తుంది. నేను ఊళ్లో కబుర్లు చెబుతుంటాను, అటు నుంచి ఊ, ఊ అని వినబడుతుంది, దాని వెనకే కంప్యూటర్ మీటల టకటక. మొన్న మధ్యలో, “మన వీధిలోకి ఏనుగు వచ్చిందమ్మా” అన్నాను.

“ఊ” అంది.

కాసేపటికి టకటక ఆగింది.

“ఏనుగా! మరి మన సందులో ఎలా పట్టింది నాన్నా?”