కుర్చీలోంచి లేవండి

అందరికీ నమస్కారం.

నలభై ఐదు దాటిన వాళ్ళు నా దగ్గరికొచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే. "తిండి పెరగలేదు డాక్టర్‌గారూ, నడుము మాత్రం పెరుగుతోంది." అది అబద్ధం కాదమ్మా. నెలసరి ఆగిపోయే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే ఆడవాళ్ళ హార్మోన్ పడిపోతుంది. కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది, ఎముక పలచబడుతుంది. మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ మెల్లగా తగ్గుతుంది. వ్యాయామంతో పోయిన ఈస్ట్రోజెన్ తిరిగొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రాదు.

వ్యాయామంతో మారేది ఇన్సులిన్ సంగతి. కూర్చుని ఉన్నప్పుడు రక్తంలోని చక్కెర కండలోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ కావాలి. పని చేస్తున్న కండ దానికోసం ఆగదు, చక్కెరని తనే లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా ఆ కండకి కొద్దిపాటి ఇన్సులినే సరిపోతుంది. అందుకే ఆదివారం ఒక్కరోజే ఒళ్ళు హూనం చేసుకోవద్దు, వరసగా రెండు రోజులకి మించి గ్యాప్ ఇవ్వొద్దు అంటాను.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షిస్తే తేలిందేమిటంటే, ముప్ఫై ఏళ్ళ వయసు తగ్గించిన దమ్ము, అంటే ఆయాసపడకుండా పనిచేసే శక్తి, కంటే ఆ మూడు వారాల మంచం తగ్గించిందే ఎక్కువ! అప్పుడు వాళ్ళ చేత ఆరు నెలలు నడక, జాగింగ్, సైకిల్ చేయించారు. వయసుతో పోయిన దమ్ము తిరిగొచ్చింది.

అది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మోకాళ్ళ నొప్పులంటే "నువ్వు కదలకు, మేం చూసుకుంటాం" అన్నాం. ప్రేమతోనే అన్నాం. ఏడాది తిరిగేసరికి పీట మీంచి లేవడానికి ఆవిడకి తలుపు రెక్క ఆసరా కావాల్సొచ్చింది. డాక్టర్ని అయ్యుండి కూడా నేను ఆ మాట అన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు. కండకీ ఎముకకీ బరువు తగలాలి. వారానికి 150 నిమిషాల చురుకైన నడకతో పాటు రెండు రోజులు బరువులతో చేసే వ్యాయామం కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్మే అక్కర్లేదు, నీళ్ళు నింపిన రెండు లీటర్ల సీసాలు చాలు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ముందు మీ డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు చేతులు గుండెల మీద కట్టుకోండి. దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోండి. పదిసార్లు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళు కుర్చీ మీద శాలువా మడిచి వేసుకుని ఎత్తు పెంచుకోండి. నేనూ చేస్తాను, రండి.