ఏడో పాటను దాటేయకండి

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికీ, ఈ సాయంత్రం మనందరినీ ఒకచోట కూర్చోబెట్టిన మిత్రులకూ కృతజ్ఞతలు. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది, మన్నించండి.

అమెరికా బ్యాండ్ డ్రీమ్ థియేటర్ వాళ్ల ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ ఆల్బమ్ ప్రోగ్రెసివ్ మెటల్‌ని, అంటే పొడవాటి పాటలూ చిక్కు తాళాలూ ఉండే హెవీ మెటల్‌ని, ఎలా మార్చిందో చెప్పమన్నారు. చెప్తాను. బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుకుంటూ 1985లో కొందరు కుర్రాళ్లు మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. 1989లో వచ్చిన మొదటి ఆల్బమ్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పాడేవాడు కూడా మారాడు. చాలా వెతికి కెనడా నుంచి జేమ్స్ లబ్రీని తెచ్చుకున్నారు. 1992 జూలైలో ఈ రికార్డు వచ్చేసరికి అమెరికా అంతా నిర్వాణా అనే రాక్ బ్యాండ్ హోరులో ఉంది. అలాంటి రోజుల్లో ఎనిమిది నిమిషాలు దాటిన ‘పుల్ మీ అండర్’ రేడియోలోకీ ఎమ్‌టీవీలోకీ వెళ్లింది. తర్వాత వచ్చిన ఎన్నో బ్యాండ్లకు ధైర్యం ఇక్కడే దొరికింది.

ఇక డ్రమ్స్ సంగతి. ఇది చెప్పకుండా ఉండలేను. నిర్మాత డేవిడ్ ప్రేటర్, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్ వాయించిన స్నేర్ డ్రమ్ మీద ముందే రికార్డు చేసి పెట్టుకున్న శబ్దాన్ని అతికించాడు. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా అదే ‘టక్’. మనిషి చెయ్యి మనకు చేరలేదు. పోర్ట్‌నోయ్‌కీ అది నచ్చలేదు. ఇన్నేళ్లయినా ఇందులోని ‘మెట్రోపొలిస్’ పాట విన్నప్పుడల్లా నాకు ఆ కోపం వస్తూనే ఉంటుంది.

అయినా నేను ఇక్కడికి వచ్చింది ఆ కోపం కోసం కాదు. ఈ ఆల్బమ్ పేరెత్తితే చాలు, మనవాళ్లు స్పీడు గురించి, తాళం లెక్కల గురించి, గిటారిస్టు పెట్రూచీ వేళ్ల గురించే మాట్లాడతారు. నేను ఏడో పాట గురించి మాట్లాడతాను. ‘వెయిట్ ఫర్ స్లీప్’. రెండున్నర నిమిషాలు. గిటార్ లేదు, డ్రమ్స్ లేవు. కెవిన్ మూర్ కీబోర్డు, లబ్రీ గొంతు, అంతే. కిటికీ దగ్గర నిలబడి చంద్రుణ్ణి చూసే ఒకామె, ఒక జ్ఞాపకం తనను వదిలి వెళితే బాగుండునని ఎదురుచూస్తుంది. తలుపులు మూసి, దీపాలార్పి పడుకుంటుంది. అసలు ఆల్బమ్‌కి పేరు ఈ పాటలోంచే వచ్చింది. మూర్ రాసిన మాటల్లోంచి.

ఆ పియానో తాళం కూడా తిన్నగా నాలుగు నాలుగుగా నడవదు. కానీ వింటున్నప్పుడు లెక్క గుర్తుకే రాదు, ఆమే గుర్తుంటుంది. విద్య అంటే ఇది కదండీ!

ఇంకోటి వినండి. తర్వాతి పాట ‘లెర్నింగ్ టు లివ్’ పదకొండున్నర నిమిషాలు. మాటలు బేస్ గిటార్ వాయించే మయంగ్ రాశాడు, ఎయిడ్స్ నీడలో బతకడం గురించి. ఆ పెద్ద పాట లోపల ఒకచోట ఇందాకటి పియానో వరస మళ్లీ వినిపిస్తుంది. నిద్రపట్టని ఆమె ఇక్కడికి కూడా వచ్చేసింది! ఏడో పాటను దాటేసినవాళ్లకు అది ఉత్త మెలొడీ. విన్నవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది.

క్యాసెట్ల రోజుల్లో మేం కాపీలు చేయించుకునేవాళ్లం. రెండో వైపు పాటలన్నీ కలిపితే అరగంట దాటిపోతాయి. ఒక్కో వైపు అరగంటే పట్టే అరవై నిమిషాల టేపులో ఈ ఆఖరి పాట తోక తెగిపోయేది. మయంగ్ బేస్ మీద మాటల్లేని ఆలాపన సాగుతూ ఉండగానే ఖట్‌మని ఆగిపోయేది. ఇప్పుడు ఆ బాధ లేదు, ఫోన్లో అంతా ఉంది. కానీ తోచిన పాట తోచినట్టు పెట్టుకుంటున్నాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. ఒక్కసారి వరస మార్చకుండా వినండి. యాభై ఏడు నిమిషాలు, సినిమాలో సగం కూడా కాదు.

మూర్ 1994లో బ్యాండ్ వదిలేశాడు. తర్వాత వచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. కానీ అంత వేగం మధ్యలో ఇంత చిన్న పాట పెట్టే మనసు నాకు మళ్లీ అక్కడ కనిపించలేదు.

ఇంకా మూడు పేజీలు రాసుకొచ్చాను, పక్కన పెట్టేస్తున్నాను. సౌండ్ చూసే బాబూ, ఏడో పాట పెట్టమ్మా. ఎనిమిదోది కూడా పూర్తిగా పోనివ్వు. చివర్లో శబ్దం సన్నబడుతుంది, అయిపోయిందనుకుని ఆపెయ్యకు.