ప్రభు బల్లకు ముందు శనివారం సాయంత్రం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పోయిన నెల మొదటి ఆదివారం దేవరకొండ దగ్గర మా ఊరి సంఘంలో బల్లారాధన, అంటే యేసు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. పాస్టరుగారు తెల్లగుడ్డ తీసి రొట్టె పళ్లెం పట్టుకోగానే మా పెద్దనాయన మెల్లగా లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆరాధన అయ్యాక చూస్తే వేపచెట్టు కింద కూర్చొని ఉన్నాడు.

"ఏం పెద్దనాయనా, బల్ల తీసుకోలేదా?" అన్నాను.

"అయోగ్యంగా తింటే శిక్ష అని ఇప్పుడే చదివిన్రు కద బిడ్డా. తమ్మునితోటి మాటల్లేక రెండేండ్లాయె. ఏ ముఖం పెట్టుకొని తీసుకోవాలె?"

అదే రోజు నా పక్క వరుసలో ఒక తమ్ముడు ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ ఇంకో చేత్తో రొట్టె తీసుకున్నాడు. చూస్తే బాధేసింది. కానీ ఈరోజు నా మనసంతా ఆ చెట్టు కింద కూర్చున్న మనిషి మీదే ఉంది.

ఆయన్ని భయపెట్టిన ఆ మాట అపొస్తలుడు పౌలు క్రీ.శ. 55 ప్రాంతంలో గ్రీసులోని కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, 11వ అధ్యాయంలో ఉంది. బల్లారాధనలో మనం ఎక్కువగా 23వ వచనం నుంచి చదువుతాం. దయచేసి 17 నుంచి చదవండి. గొడవంతా అక్కడుంది. అప్పట్లో కొరింథులో బల్ల అంటే చిన్న ముక్క, చిన్న గ్లాసుతో అయిపోయేది కాదు, కడుపునిండా భోజనం. ఉన్నవాళ్లు ఎవరిది వాళ్లు ముందే తినేస్తున్నారు. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. లేనివాళ్లు సిగ్గుతో నిలబడ్డారు. పౌలు కోపమంతా దాని మీదే.

"అయోగ్యంగా" అన్నది మనం బల్ల తీసుకునే తీరు గురించిన మాట. యోగ్యులే రావాలంటే మొదటి రాత్రి ఆ బల్ల దగ్గర ఎవరు మిగిలేవారు? కోడి కూసేలోపు శిష్యుడు పేతురే మూడుసార్లు యేసును ఎరగనన్నాడు కదా! 28వ వచనం నిన్ను నువ్వు పరీక్షించుకో, అలా చేసి తిను అంటుంది. పరీక్షించుకొని బయటికి పొమ్మని అనలేదు. 33లో ఒకరి కోసం ఒకరు ఆగండి అంటుంది.

ఇక్కడ నాకు మన అక్కలు గుర్తొస్తారు. పత్తి ఏరే రోజుల్లో ఆదివారం పొద్దున కూడా కూలికి పోయి, బోరు దగ్గర చేతులు కడుక్కొని, కొంగు నెత్తిన కప్పుకొని ఉరుకులాడుతూ వస్తారు. అప్పటికి గ్లాసులు కడిగేస్తుంటారు. పాలమూరు నుంచి వలసపోయి నెలల తర్వాత ఇల్లు చేరినవాళ్లు వెనక గోడకు ఆనుకొని కూర్చుంటారు, పళ్లెం వాళ్లదాకా పోదు. వాళ్ల కోసం పది నిమిషాలు ఆగని సంఘం ఎంత నిశ్శబ్దంగా మోకరించినా కొరింథు తప్పే చేస్తోందని నేననుకుంటాను.

కతోలికులు సత్ప్రసాదానికి, అంటే వాళ్ల బల్లకు, గంట ముందు నుంచి మంచినీళ్లు, మందులు తప్ప ఏమీ ముట్టరు. మంచి కట్టుబాటు. 1890లలో రష్యా నుంచి నల్గొండకు వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ శాఖ మిషనరీల కాలం నుంచి ఉన్న విశ్వాసం మా ఇంటివాళ్లది. మా నాయనమ్మకు చదువు రాదు, ఆమె కట్టుబాటు వేరు. బల్లకు ముందు శనివారం సాయంత్రం యారాలి ఇంటికి పోయేది. గెట్టు మీది తుమ్మచెట్టు గురించి ఇద్దరికీ ఏండ్ల తరబడి పంచాయితీ. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయింది. గడప బయటే నిలబడి, "అక్కా, రేపు బల్ల ఉన్నది. నా నోరు మంచిది కాదు, మనసుల పెట్టుకోకు" అంది. ఆ పెద్దమ్మ ఏమీ అనలేదు. చెరుగుతున్న చాట పక్కకు పెట్టి, పీట జరిపింది. మత్తయి 5వ అధ్యాయంలో, అర్పణ బలిపీఠం ముందే విడిచి, ముందు నీ సహోదరునితో సమాధానపడు అని యేసు చెప్పిన మాట చదివినప్పుడల్లా నాకు ఆ పీటే కనిపిస్తుంది. చెట్టు పంచాయితీ మాత్రం తెగలేదు. తెల్లారి ఇద్దరూ ఒకే చాప మీద కూర్చొని రొట్టె తీసుకున్నారు.

ఇదంతా వేపచెట్టు కింద పెద్దనాయనకు చెప్పాను. చాలాసేపు కండువాతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నాడు. నిన్న ఫోన్ చేశాడు. ఈ శనివారం తమ్ముడి ఇంటికి పోతాడట. ఒక్కడికే కాళ్లు ఆడటం లేదు, తోడు రమ్మన్నాడు. పోతున్నాను. ప్రార్థనలో మమ్మల్ని గుర్తు పెట్టుకోండి.