మిర్చి పురుగు మీద ప్రాజెక్టా? నమ్మదగ్గ పేపర్లు ఇలా వెతకండి

నమస్కారం. గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ప్రాజెక్టు రాస్తున్నవాళ్ల కోసం ఈ వీడియో. 2021లో మన మిర్చి తోటల్ని దెబ్బతీసిన నల్ల తామర పురుగునే ఉదాహరణగా తీసుకుందాం.

పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ తెరవండి. త్రిప్స్ అంటే తామర పురుగు. ఊరికే చిల్లీ త్రిప్స్ అని మాత్రం కొట్టకండి. ఆ పేరుతో దొరికే మన పాత పేపర్లు చాలావరకు సిర్టోత్రిప్స్ డార్సాలిస్ మీదవి. అది వేరే పురుగు, దానివల్ల ఆకులు పైకి ముడుచుకుంటాయి. 2021లో విరుచుకుపడింది త్రిప్స్ పార్విస్పైనస్. ఇది పువ్వుల్లో గుంపుగా చేరుతుంది, పూత రాలిపోతుంది. మన దేశంలో దీన్ని 2015లో బొప్పాయి మీద గుర్తించారు. పేరు దగ్గరే తప్పితే ఒక పురుగు లెక్కలు తెచ్చి ఇంకోదానికి అంటగడతాం.

అందుకని శాస్త్రీయ నామాన్ని ఇంగ్లిష్‌లో, డబుల్ కోట్స్ మధ్య టైప్ చేయండి. పక్కన చిల్లీ చేర్చండి. ఏడాది ఫిల్టర్‌లో 2021 నుంచి అని పెట్టండి.

ప్రతి పేపర్ కింద సైటెడ్ బై అని ఒక అంకె ఉంటుంది. దాన్ని మార్కుల్లా చూడకండి, కొత్త పేపర్‌కి తక్కువే ఉంటుంది. దాని మీద నొక్కితే ఆ పేపర్‌ని వాడుకున్న తర్వాతి పరిశోధనలు వస్తాయి. అసలు ఉపయోగం అదీ. పేపర్‌కి డబ్బు అడిగితే ఆల్ వెర్షన్స్ నొక్కండి, చాలాసార్లు ఉచిత కాపీ దొరుకుతుంది. ప్రభుత్వ కాలేజీ అయితే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే జర్నళ్లు చదువుకోవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం, ఉందేమో లైబ్రేరియన్‌గారిని అడగండి.

స్కాలర్‌లో కనిపించిందంటే మంచి జర్నల్ అని కాదు. డబ్బు కడితే ఏదైనా అచ్చేసేవి కూడా అందులో వస్తాయి. ఉచిత జర్నలైతే డీఓఏజేలో, అంటే ఉచితంగా చదవగలిగే జర్నళ్ల జాబితా ఉన్న వెబ్‌సైట్‌లో, పేరు వెతకండి. డీఓఐ అంటే ఒక్కో పేపర్‌కి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్. దాన్ని డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేస్తే అదే పేపర్ తెరుచుకోవాలి. ఆ పేజీలో రిట్రాక్టెడ్, అంటే జర్నల్ వెనక్కి తీసుకుంది, అని ఉంటే వాడకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని. పంట నష్టం ఇంత శాతం అని ఎక్కడ కనిపించినా వెంటనే ఎత్తి రాయకండి. రిఫరెన్సులు పట్టుకుని వెనక్కి వెళ్లండి, పొలంలో దిగి స్వయంగా లెక్కపెట్టిన పేపర్ దొరికేదాకా. అందులో ఏ ఊరు, ఏ నెల, ఎన్ని మొక్కలు చూశారో చదవండి. ఒక్క మండలంలో తేలిన అంకెని రాష్ట్రమంతటికీ రాసేయడం ఇక్కడే బయటపడుతుంది. దారి దొరక్కపోతే మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు దాచే శోధగంగ వెబ్‌సైట్‌లో ఇదే అంశం మీద ఉన్న థీసిస్ తీసి, చివరి రిఫరెన్సుల జాబితా చూడండి.

దొరికిన ప్రతి అంకె పక్కన డీఓఐ, పేజీ నంబర్ అప్పటికప్పుడే ఎక్సెల్‌లో వేసుకోండి.