పిన్నుకు పెట్టిన పేరు

సభాధ్యక్షులకు, ఈ కళాశాల కంప్యూటర్ విభాగం అధ్యాపకులకు, శనివారం పూట ఇంటికి వెళ్లకుండా ఇక్కడ కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఏటా సెప్టెంబరు మూడో శనివారం జరుపుకునే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛా దినం సందర్భంగా నన్ను పిలిచి, లినక్సు అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ధ్వని వ్యవస్థ గురించి మాట్లాడమన్నారు. పిలిచినవారికి కృతజ్ఞతలు. అయితే ధ్వని వ్యవస్థ మొత్తాన్ని మీ ముందు పరచాలన్న ఉద్దేశం నాకు లేదు. కంప్యూటర్‌లో స్పీకరు ఎక్కడుందో డ్రైవరుకు, అంటే ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రాముకు, ఎలా తెలుస్తుంది, దానికి అది ఏ పేరు పెడుతుంది, ఆ పేరు తప్పయితే ఎవరికి ఏ కష్టం వస్తుంది అన్న ఒక్క సంగతి చెప్పడానికే వచ్చాను. కొన్నేళ్లుగా ఈ సంగతి ఏదో ఒక సభలో చెప్పాలని నా మనసులో ఉంది.

మొదట కొంచెం పూర్వరంగం అవసరం. కంప్యూటర్లలో ధ్వనికి 1997లో ఏసీ 97 అనే ప్రమాణం వచ్చింది, దాని స్థానంలో 2004లో ఇంటెల్ సంస్థ హెచ్.డి. ఆడియో అనే ప్రమాణాన్ని తెచ్చింది. ఈనాటికీ మన డెస్క్‌టాపుల్లోను, చాలా ల్యాప్‌టాపుల్లోను ఉన్నది అదే. ఈ పద్ధతిలో బోర్డు మీద, అంకెలను ధ్వనిగా, ధ్వనిని అంకెలుగా మార్చే కోడెక్ అనే ఒక చిప్పు ఉంటుంది, దానికి పిన్నులు ఉంటాయి. ఒక పిన్నుకు స్పీకరు తీగ కలుపుతారు, ఇంకొకదానికి హెడ్‌ఫోన్ రంధ్రం కలుపుతారు, మరొకదానికి మైకు కలుపుతారు, కొన్నింటిని ఖాళీగా వదిలేస్తారు. ఏది దేనికి కలపాలన్నది చిప్పు తయారుచేసినవారు నిర్ణయించరు, బోర్డు తయారుచేసినవారు నిర్ణయిస్తారు. కనుక ఒకే చిప్పు రెండు యంత్రాల్లో రెండు విధాలుగా కలిపి ఉండవచ్చు. మరి డ్రైవరుకు సంగతి తెలిసేదెలా? దానికి చెవి లేదు, తీగ వెంట వెళ్లి చూసే చెయ్యి లేదు. అందుకని ప్రతి పిన్నుకు 32 బిట్ల సంఖ్య ఒకటి కేటాయించారు. బోర్డు తయారుచేసినవారు ఆ సంఖ్యను బయోస్ ద్వారా, అంటే యంత్రం మొదలవగానే నడిచే బోర్డు సొంత ప్రోగ్రాము ద్వారా, రాసిపెడతారు, డ్రైవరు దాన్ని చదివి నమ్ముతుంది.

ఆ సంఖ్యను మీరు ఒక్కసారి దగ్గరగా చూడాలి. మీ ల్యాప్‌టాప్‌లో స్పీకరు పిన్నుకు చాలావరకు 90170110 అనే విలువ ఉంటుంది. ఇది హెక్సా లెక్కలో, అంటే 0 నుంచి 9 దాకా, ఆపైన ఎ నుంచి ఎఫ్ దాకా పదహారు గుర్తులను అంకెలుగా వాడే పద్ధతిలో, రాసిన సంఖ్య. మొదటి రెండు అంకెలు కలిపి, ఇది బయటికి కనిపించే రంధ్రం కాదని, యంత్రం లోపల స్థిరంగా అమర్చినదని చెబుతాయి. మూడో అంకె అసలైనది, పరికరం ఏమిటో చెప్పేది అదే. సున్న ఉంటే లైన్ ఔట్, ఒకటి ఉంటే స్పీకరు, రెండు ఉంటే హెడ్‌ఫోన్. నాలుగోది కనెక్టరు రకం, ఐదోది రంగు. ఆరో అంకెలో, తీగ గుచ్చారా లేదా అని కనిపెట్టే వీలు ఇక్కడ లేదన్న సూచన ఉంటుంది. ఏడోది జట్టు సంఖ్య, ఎనిమిదోది ఆ జట్టులో వరుస. ఇప్పుడు 01014010 అనే ఇంకో సంఖ్య తీసుకోండి. యంత్రం వెనక వైపు, ఆకుపచ్చ రంగు రంధ్రం, లైన్ ఔట్ అని దీని అర్థం. డెస్క్‌టాప్ డబ్బా వెనక మనం స్పీకర్ల పిన్ను గుచ్చే ఆకుపచ్చ రంధ్రం ఇదే. ఈ రెండు సంఖ్యలూ గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను చెప్పబోయే కథంతా వీటి మధ్యే నడిచింది.

ఇక్కడ నేను అనుకున్న క్రమం ప్రకారం లినక్సుకు మూలమైన కెర్నెల్‌లోని ధ్వని భాగం ఆల్సా గురించి, దాని మీద కూర్చుని ప్రోగ్రాముల ధ్వనిని పరికరాలకు చేర్చే సర్వర్లయిన పల్స్ ఆడియో, పైప్‌వైర్‌ల గురించి వివరించాలి. కానీ ఆ వివరణ మీకు పుస్తకాల్లో దొరుకుతుంది, ఈ కథ దొరకదు. కనుక ముందు కథ చెబుతాను.

చూపు లేని పిల్లలు చదువుకునే ఒక పాఠశాలకు నేను వారానికి ఒక రోజు వెళ్లి కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. అక్కడికి దాతలెవరో పన్నెండు యంత్రాలు ఇచ్చారు. అవి తెరలోనే అన్నీ ఇమిడి ఉండే రకం, వేరే డబ్బా ఉండదు. వాటిలో లినక్స్ వేసి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఓర్కా పెట్టారు. రాతను మాటగా పలికే ఈస్పీక్ అనే ప్రోగ్రాము తెలుగు గొంతు కూడా పెట్టారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ప్రతి యంత్రం ముందు ఒక జత చవక ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, సగానికి పైగా వాటి తీగలు తెగి ఒక చెవికే వినిపిస్తున్నాయి. స్పీకర్లు ఏమయ్యాయని అడిగితే, పాడయ్యాయని అక్కడి టీచరుగారు చెప్పారు. ప్రతి తెర మూలన ఒక చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. మరమ్మతుకు వచ్చిన మనిషి బాల్‌పెన్నుతో "స్పీకర్ పాడైంది" అని దాని మీద రాసి వెళ్లాడు. పన్నెండు యంత్రాల మీదా అదే మాట, అదే చేతిరాత. పన్నెండు స్పీకర్లు ఒకేసారి ఎలా పాడవుతాయని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆ కాగితం చదవలేని పిల్లలు మాత్రమే ఆ యంత్రాలు వాడుతున్నారు.

నేను ఒక యంత్రం ముందు కూర్చుని, పైనున్న సర్వర్లన్నింటినీ పక్కన పెట్టి, స్పీకర్-టెస్ట్ అనే చిన్న ప్రోగ్రామును నేరుగా ఆ ధ్వని కార్డు మీదే నడిపాను. తెర కింది జాలీలోంచి "ఫ్రంట్ లెఫ్ట్" అని ఒక గొంతు పలికింది. గదిలో పిల్లలందరూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. స్పీకరు పాడవలేదు, ఎన్నడూ పాడవలేదు. డ్రైవరు దాని గురించి తప్పు సమాచారం చదివి, ఆ సమాచారాన్నే పైకి పంపుతోంది, అంతే.

ఆ స్పీకరు తీగ కలిసిన పిన్ను దగ్గర బయోస్ రాసిన విలువ 01014010. అంటే యంత్రం లోపలి స్పీకరును వెనక వైపున్న ఆకుపచ్చ రంధ్రంగా నమోదు చేశారు. ఏదో డెస్క్‌టాప్ బోర్డుకు తయారుచేసిన పట్టికను దీనికి మార్చకుండా వాడి ఉంటారని నా ఊహ. దీనివల్ల డ్రైవరు ఆ మార్గానికి లైన్ ఔట్ అని పేరు పెట్టింది. రంధ్రం అన్నారు కనుక, అందులో తీగ గుచ్చారా అని కనిపెట్టే ఏర్పాటు కూడా చేసింది. లేని రంధ్రంలో ఎవరు గుచ్చుతారు? కనుక ఎప్పుడు అడిగినా ఖాళీ అనే జవాబే వచ్చేది. ఆ జవాబు విని పైనున్న సర్వరు, ఈ యంత్రంలో ధ్వని వెళ్లడానికి ఏ దారీ లేదని తేల్చుకుని, డమ్మీ అవుట్‌పుట్ అనే ఉత్తుత్తి పరికరాన్ని చూపించేది. ఇయర్‌ఫోన్లు గుచ్చినప్పుడు మాత్రం హెడ్‌ఫోన్ పిన్ను సరిగా నమోదై ఉంది కనుక మాట వచ్చేది.

నేను ఇదంతా టీచరుగారికి వివరిస్తుండగా, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మా పక్కకు వచ్చి నిలబడింది. "సార్, వెనక ఆకుపచ్చ రంధ్రం అంటున్నారు కదా, అది ఎక్కడుంటుంది?" అని అడిగింది. "మామూలుగా వెనక పలకకు కింది భాగంలో ఉంటుందమ్మా, గుండ్రంగా, పెన్సిలు మొన పట్టేంత" అన్నాను. ఆమె యంత్రం వెనకకు చెయ్యి పోనిచ్చి, ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా వేళ్లతో మెల్లగా తడిమింది. కరెంటు తీగ, నెట్‌వర్క్ తీగ, నాలుగు యూఎస్‌బీ గదులు, ఒక తాళం గాడి, ఇలా ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పింది. మళ్లీ ఒకసారి తడిమి, "గుండ్రటిది ఏదీ లేదు సార్. లేనిది ఉందని ఎందుకు రాశారు?" అంది.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఒక సంస్థ తయారుచేసి, పరీక్షించి, ముద్ర వేసి అమ్మిన యంత్రంలోని అబద్ధాన్ని ఆ అమ్మాయి అర నిమిషంలో వేలికొసలతో పట్టుకుంది. మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. చూపున్న మనిషికి ఇది చిన్న చికాకు. సెట్టింగులు తెరుస్తాడు, జాబితాలో ఒకటి కాకపోతే ఇంకొకటి నొక్కి చూస్తాడు, రెండు నిమిషాల్లో మర్చిపోతాడు. చూపు లేని మనిషికి ఆ జాబితాను చదివి వినిపించాల్సింది స్పీకరే. మాట వినిపిస్తే తప్ప పేరు మార్చలేరు, పేరు మారితే తప్ప మాట వినిపించదు. యంత్రం లాగిన్ తెర దగ్గరే మూగబోయి నిలబడిపోతుంది.

దిద్దుబాటు ఎంత చిన్నదో చెబితే మీకు బాధ కలుగుతుంది. కెర్నెల్ ప్రతి కోడెక్‌కూ సిస్ అనే ఫోల్డరు కింద ఒక చోటు చూపిస్తుంది, అక్కడ పిన్ను సంఖ్య, కొత్త విలువ రాసి, మళ్లీ అమర్చుకోమని ఆదేశిస్తే చాలు. 01014010 తీసి 90170110 పెట్టాను. హెచ్‌డిఏ జాక్ రీటాస్క్ అనే ఉపకరణంతో అయితే ఆ అంకెలు కూడా తెలియనక్కర్లేదు, జాబితాలోంచి ఇంటర్నల్ స్పీకర్ అని ఎంచుకుంటే సరిపోతుంది. ఓర్కా తెలుగులో పలికింది. పన్నెండు యంత్రాలకూ ఆ సాయంత్రమే సరిచేసి, యంత్రం మొదలైన ప్రతిసారీ ఆ విలువ అందేలా ఒక పాచ్ ఫైలు పెట్టి, ఆ కాగితం ముక్కలన్నీ పీకేశాను.

అయితే నా ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది. ఆ నమూనా యంత్రాలు ఆ పాఠశాలలోనే ఉన్నాయా? ఎన్ని కార్యాలయాల్లో, ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. వాటికి మరమ్మతు చేసినవారిలో కొందరైనా ఈ తప్పును కనిపెట్టి ఉంటారు, తమ యంత్రం వరకు సరిచేసుకుని ఊరుకుని ఉంటారు. నేను కూడా మొదటి రెండు నెలలు అదే చేశాను, అందుకు ఈనాటికీ విచారిస్తున్నాను. తప్పును మూలంలో దిద్దే మార్గం తెరిచి ఉంది. ఆల్సా-ఇన్ఫో అనే స్క్రిప్టు నడిపితే యంత్రంలోని ధ్వని వివరాలన్నీ ఒక ఫైలులో వస్తాయి. దాన్ని జతచేసి, ఏ పిన్ను దగ్గర ఏమి రాసి ఉంది, నిజానికి అక్కడ ఏముంది, ఏ విలువ పెడితే పని చేసింది అన్నది స్పష్టంగా రాసి కెర్నెల్ ధ్వని విభాగం వారికి పంపాలి. వారు ఆ యంత్రం గుర్తింపు సంఖ్యతో కెర్నెల్‌లోని దిద్దుబాట్ల పట్టికలో ఒక వరుస చేరుస్తారు. తొమ్మిది పది వారాలకొకసారి కొత్త కెర్నెల్ వస్తుంది, పాత స్థిర కెర్నెళ్లకు కూడా అలాంటి దిద్దుబాట్లు వెళ్తాయి. నేను పంపిన వరుస కూడా అలాగే వెళ్లింది. ఇప్పుడు ఆ నమూనా యంత్రంలో ఎవరు కొత్తగా లినక్స్ వేసుకున్నా, నా పాచ్ ఫైలు అవసరం లేకుండానే స్పీకరు మోగుతుంది.

ఈ పట్టికలో చేరికలు జాగ్రత్తగా చేయాలని కూడా చెప్పాలి. రెండు వేర్వేరు నమూనాలకు ఒకే పీసీఐ (యంత్రంలోని పరికరాలను కలిపే మార్గం) గుర్తింపు సంఖ్య ఉన్న సందర్భాలు బయటపడ్డాయి, ఒకదానికి వేసిన మందు ఇంకొకదానికి విషమైంది. అందువల్ల కోడెక్ సొంత గుర్తింపుతో పోల్చి చూసే పద్ధతిని కూడా తర్వాత చేర్చారు. డ్రైవరు రాసినవారు ఈ అబద్ధాలను ఎంత ఓపికగా భరిస్తున్నారో మూలకోడు చదివితే తెలుస్తుంది. స్థిరంగా లోపల అమర్చినదని రాసి, దానికే లైన్ ఔట్ అని పేరు పెట్టిన పిన్నులను స్పీకరుగానే భావించే కొద్ది వరుసల కోడు అందులో ఉంది, బయోస్ లోపాలకు సర్దుబాటు అని పైన వ్యాఖ్య రాసి మరీ పెట్టారు. మా పాఠశాల యంత్రాలను ఆ సర్దుబాటు కాపాడలేదు, ఎందుకంటే వాటిలో స్థిరమని కూడా రాయలేదు, రంధ్రమనే రాశారు.

ఆరు స్పీకర్ల అమరికల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. హెచ్.డి. ఆడియో ప్రమాణంలో ముందు జత, తర్వాత మధ్య స్పీకరు, సబ్‌వూఫర్, ఆ తర్వాత వెనక జత వరుసగా వస్తాయి. ఆల్సాలో ముందు జత తర్వాత వెనక జత, చివరగా మధ్య స్పీకరు, సబ్‌వూఫర్ వస్తాయి. డ్రైవరు ఈ రెండింటినీ తారుమారు చేసి సరిపెడుతుంది. బోర్డు వాళ్లు వరుస అంకె తప్పుగా రాస్తే ఆ సరిపెట్టడమే తిరగబడి, సినిమాలో పాత్రల మాటలు వెనక గోడలోంచి వినిపిస్తాయి. యూఎస్‌బీ హెడ్‌సెట్ల సంగతీ ఇలాంటిదే. వాటి ప్రమాణంలో స్పీకరుకు 0301, హెడ్‌ఫోన్‌కు 0302 అని వేర్వేరు సంఖ్యలు ఉన్నా, చెవికి పెట్టుకునే పరికరం తనను తాను 0301 అని పరిచయం చేసుకోవడం తరచుగా చూస్తాం. జాబితాలో రెండు స్పీకర్లు కనిపిస్తాయి, ఏది చెవి దగ్గరుందో ఏది బల్ల మీదుందో ఓర్కా చదివినా తెలియదు.

అందుకే నేను కోరేది ఒక్కటే. పేరు పెట్టే పనిని పట్టికకు వదిలేయకండి, చెవితో తేల్చండి. ఇక్కడున్న విద్యార్థుల్లో ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవారు ఇప్పుడే తెరవండి. ప్రోక్ అనే ఫోల్డరు కింద అసౌండ్, అందులో కార్డ్ సున్న, అందులో కోడెక్ సున్న అనే ఫైలు చదవండి. పిన్ డిఫాల్ట్ అన్న వరుసలు వెతికి, ఒక్కొక్క సంఖ్యనూ మీ యంత్రం అంచులతో పోల్చి చూడండి. అక్కడ రాసిన రంధ్రం మీ వేలికి తగులుతుందా? తగలకపోతే ఆ సంగతి రాసి పంపండి. ఇంగ్లీషు బాగా రాదని వెనకాడకండి. సంఖ్యలు సరిగ్గా ఉంటే, చేసిన పరీక్ష స్పష్టంగా ఉంటే, వారికి అదే చాలు.

నా వెనక బల్ల మీద ఉన్న ఈ ల్యాప్‌టాప్ ఆ పాఠశాలకు ఈ మధ్యే వచ్చింది. దీని అడుగున రెండు జతల జాలీలు ఉన్నాయి, మోగుతున్నది మాత్రం ఒక జతే. హెక్సా లెక్కలో 17వ పిన్ను దగ్గర 411111ఎఫ్0 అని ఉంది, అంటే ఇక్కడేమీ కలపలేదని అర్థం. అది నిజమో కాదో ఇంకా తేలలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది, ఈ సభకు కూడా వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. సభ ముగిశాక నేను ఆ పిన్ను విలువ మార్చి ధ్వని పంపుతాను, ఆమె జాలీ దగ్గర చెవి పెట్టి ఏ వైపు నుంచి వస్తోందో చెబుతుంది. మీలో ఎవరైనా ఒకరు పక్కన కూర్చుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టాలి. ఆ నివేదికను ఈ రాత్రే పంపుదాం.